సాక్షి లేని పరీక్షలు: చమురు రంగంలోని తెలుగు ఇంజనీర్లకు బహిరంగ లేఖ

చమురు, సహజవాయు రంగంలో పనిచేస్తున్న తెలుగు ఇంజనీర్లకు, మన వృత్తి సంఘాల నిర్వాహకులకు నమస్కారం.

ఈ విషయాన్ని మొదట బహిరంగంగా రాయలేదు. మనవాళ్లు పెద్ద సంఖ్యలో సభ్యులుగా ఉన్న ఒక సంఘానికి ఉత్తరం రాసి, వార్షిక సదస్సులో ఒక గంట సమయం అడిగాను. అలాస్కాలో బావుల భద్రతా పరీక్షలు చాలావరకు ప్రభుత్వ ఇన్‌స్పెక్టర్ అక్కడ లేకుండానే జరిగిపోతున్నాయని, అందులో కంపెనీల వైపు కూర్చున్న మన ఇంజనీర్ల పాత్ర కూడా ఉందని, దాని గురించి మనలో మనం మాట్లాడుకుందామని కోరాను. చాలా రోజులకు జవాబు వచ్చింది. ఇది నియంత్రణ సంస్థలు చూసుకోవలసిన విషయమట, సాంకేతిక సదస్సుకు తగదట. అదే సదస్సులో బావి తవ్వకాన్ని ఒక రోజు ముందుగా ముగించడం ఎలాగన్న అంశం మీద మాత్రం పూటంతా చర్చ జరిగింది. అందుకే ఈ లేఖను అందరి ముందుకు తెస్తున్నాను.

నా గురించి నాలుగు మాటలు చాలు. పుట్టింది కోనసీమలో. పెట్రోలియం ఇంజనీరింగ్ చదివి కొంతకాలం కంపెనీల్లో పనిచేశాను. తర్వాత అలాస్కాలో ప్రభుత్వ చమురు క్షేత్ర ఇన్‌స్పెక్టర్‌గా చేసి విరమించాను. నేను పనిచేసిన రోజుల్లో ఏ ప్యాడ్ (బావులు తవ్వేందుకు పోసిన కంకర గట్టు) మీద ఏం చూశానో కంపెనీల పేర్లతో చెప్పను. పేరు చెప్పగానే చర్చ దాని చుట్టూ తిరుగుతుంది, మిగిలినవాళ్లు హాయిగా ఊపిరి పీల్చుకుంటారు. బహిరంగ రికార్డుల్లో ఉన్న సంఘటనలను మాత్రం తేదీలతో సహా ప్రస్తావిస్తాను.

ముందు ఆ చోటు గురించి కొంచెం. బ్రూక్స్ పర్వతాలకు ఉత్తరాన ఆర్కిటిక్ సముద్రం దాకా పరుచుకున్న, చెట్టన్నది లేని నేలను నార్త్ స్లోప్ అంటారు. 1968లో అక్కడి ప్రూడో బేలో చమురు బయటపడింది. 1977లో 800 మైళ్ల ట్రాన్స్ అలాస్కా పైప్‌లైన్ గుండా దక్షిణాన వాల్డీజ్ రేవుకు ప్రవాహం మొదలైంది. 1988లో రోజుకు 20 లక్షల పీపాలు దాటిన ఆ ప్రవాహం తర్వాతి దశాబ్దాల్లో నాలుగో వంతుకు పడిపోయింది. చమురు తగ్గింది కాని బావులు తగ్గలేదు, ముసలివయ్యాయి. ఇన్‌స్పెక్టర్‌కు పని పెరిగేది సరిగ్గా ఈ దశలోనే. క్షేత్రం యవ్వనంలో ఉన్నప్పుడు వచ్చిన డబ్బు ముసలితనంలో రాదు. ఖర్చు తగ్గించమని పైనుంచి ఒత్తిడి వస్తుంది. లోహం మాత్రం రాయితీ ఇవ్వదు.

ప్రూడో బే పక్కనే ఉన్న కార్మికుల స్థావరం డెడ్‌హార్స్‌లో నవంబరు చివర అస్తమించిన సూర్యుడు మళ్లీ జనవరి మధ్యలోగానీ కనిపించడు. మైనస్ 40 దగ్గర ఫారెన్‌హీట్, సెల్సియస్ రెండూ ఒకటే అంకె. అక్కడివాళ్లు ఏ కొలతో చెప్పకుండా ‘నలభై కింద’ అని ఊరుకుంటారు. ఆ చలిలో డీజిల్ వాహనం ఇంజను ఆపితే మళ్లీ అంటుకుంటుందన్న నమ్మకం లేదు కనుక నడుస్తూనే వదిలేస్తారు. గాలి లేస్తే మంచు నేల మీద పొగలా పరిగెడుతుంది, ముందున్న బండి వెనక దీపాలు కూడా కనబడవు. రోడ్ల స్థితిని ఫేజ్ 1, 2, 3 అని ప్రకటిస్తారు. మూడో ఫేజ్‌లో అత్యవసరమైతే తప్ప ఎవరూ కదలకూడదు, కదిలినా బృందంగా, ముందు ఒక భారీ యంత్రం దారి చేస్తుండగా కదలాలి.

ఇటువంటి చోట బావుల పరీక్షలు చూసే బాధ్యత ప్రధానంగా అలాస్కా ఆయిల్ అండ్ గ్యాస్ కన్జర్వేషన్ కమిషన్ అనే రాష్ట్ర సంస్థది. దాని ఇన్‌స్పెక్టర్లను లెక్కపెట్టడానికి రెండు చేతుల వేళ్లు చాలు. వాళ్లే నార్త్ స్లోప్‌నూ చూడాలి, అక్కడికి సుమారు వెయ్యి కిలోమీటర్ల దక్షిణాన ఉన్న కుక్ ఇన్లెట్ అనే అఖాతంలోని బావులనూ చూడాలి. బావి తవ్వే రిగ్గు మీద బ్లోఅవుట్ ప్రివెంటర్ (బావి అదుపు తప్పి ఎగజిమ్మకుండా మూసే పరికరం) పరీక్ష, ఉత్పత్తి బావుల మీద భద్రతా వాల్వుల పరీక్ష, నీరో గ్యాసో నేలలోకి ఎక్కించే ఇంజెక్షన్ బావులు కారడం లేదని చూసే సమగ్రత పరీక్ష, చమురు చేతులు మారే చోట మీటర్ల సరిచూపు, మూసేసిన బావి స్థలం శుభ్రంగా ఉందా లేదా అన్న చివరి తనిఖీ, ఇవన్నీ వాళ్ల పనులే. పరీక్షకు కనీసం 24 గంటల ముందు కంపెనీ కబురు చేయాలి. ఇన్‌స్పెక్టర్ రాగలిగితే వస్తాడు, రాలేకపోతే సాక్ష్యం నుంచి మినహాయింపు ఇస్తాడు. అప్పుడు కంపెనీ తానే పరీక్ష జరిపి, తానే ఫలితం రాసి పంపుతుంది. నా ఫిర్యాదు అంతా ఈ మినహాయింపు చుట్టూనే ఉంది.

1. చలి అబద్ధం చెప్పిస్తుంది.

ఇంజెక్షన్ బావి సమగ్రత పరీక్షనే తీసుకోండి. యాన్యులస్‌లో, అంటే బావిలో ఒకదానిలో ఒకటి దించిన గొట్టాల మధ్య ఖాళీలో, ఒత్తిడి ఎక్కించి 30 నిమిషాలు గమనించాలి. ఆ అరగంటలో ఒత్తిడి 10 శాతానికి మించి మారకూడదు, పైగా ఒకచోట నిలకడకు వస్తున్నట్టు కనబడాలి. హ్యూస్టన్‌లోనో యాంకరేజ్‌లోనో తెర ముందు కూర్చున్న మీకు ఇది నాలుగు అంకెలు, ఒక గీత. ప్యాడ్ మీద నిలబడ్డవాడికి అలా కాదు. గేజ్‌కు వెళ్లే సన్నని గొట్టంలో కాస్త నీరు చేరి గడ్డకట్టిందనుకోండి. గేజ్‌కూ బావికీ సంబంధం తెగిపోతుంది. లోపల ఒత్తిడి పడిపోతున్నా ముల్లు కదలదు, చార్ట్ మీద గీత తిన్నగా వస్తుంది. అంత తిన్నని గీత చూస్తే అనుభవమున్న ఇన్‌స్పెక్టర్‌కు సంతోషం కలగదు, అనుమానం కలుగుతుంది. పరీక్ష ముగిశాక ఒత్తిడి వదులుతున్నప్పుడు ముల్లు కూడా దాంతో పాటు దిగుతోందా, లేక పైనే వేలాడుతోందా అన్నది చూస్తాడు. గొట్టం మీద ఎక్కడ మంచు పేరుకుందో తడిమి చూస్తాడు. వాల్వు నిజంగా తెరిచే ఉందా అని చేత్తో తిప్పించి చూస్తాడు. ఇవేవీ రిపోర్టులో గడులు కావు.

దీనికి వ్యతిరేకంగానూ జరుగుతుంది. వెచ్చటి ద్రవం పంపి వెంటనే పరీక్ష మొదలుపెడితే, అది చల్లబడే కొద్దీ ఒత్తిడి తగ్గి మంచి బావి కూడా తప్పినట్టు కనిపిస్తుంది. అప్పుడు చేయవలసింది ఉష్ణోగ్రత కుదుటపడేదాకా ఆగడం. ఆగే ఓపిక లేక మరికొంత పంపు చేసి అంకె సరిపెట్టడం నేను చూశాను. అది మోసమని అనను, అలవాటంటాను. మోసం కన్నా అలవాటే ఎక్కువ బావులను పాడుచేస్తుంది.

భద్రతా వాల్వుల సంగతీ ఇంతే. ప్రవాహ గొట్టం తెగి ఒత్తిడి పడిపోతే ఆ తగ్గుదలను పైలట్ అనే చిన్న పరికరం పసిగట్టి వాల్వు మూయించాలి. పైలట్‌కు వెళ్లే గొట్టం గడ్డకడితే అది పాత ఒత్తిడినే పట్టుకుని కూర్చుంటుంది. ఆరు నెలలకోసారి జరిపే పరీక్ష ఇది బయటపెట్టడానికే. పరీక్షకు గంట ముందు ఎవరో వచ్చి గొట్టానికి వేడిగాలి పట్టించి, వాల్వుకు గ్రీజు కొట్టి సిద్ధం చేసి ఉంచితే మనం పరీక్షించింది ఏమిటి? బావినా, గ్రీజునా?

2. తక్కువ ఒత్తిడి పరీక్షను ఎవరూ ఇష్టపడరు.

బ్లోఅవుట్ ప్రివెంటర్‌ను రెండు అంచెల్లో పరీక్షించాలి, మొదట 250 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) దగ్గర, తర్వాత ఎక్కువ ఒత్తిడి దగ్గర. అన్వేషణ బావుల్లో 7 రోజులకు, అభివృద్ధి బావుల్లో 14 రోజులకు మించకుండా సాధారణంగా ఇది జరగాలి. ఎక్కువ ఒత్తిడి రబ్బరు సీళ్లను గట్టిగా నొక్కి తానే కారుడును కప్పేయగలదు. అసలు లోపం బయటపడేది తక్కువ ఒత్తిడిలో, అదీ చల్లని రబ్బరు బిగుసుకుపోయి ఉన్నప్పుడు. రిగ్గు మీద హడావిడి ఉంటే త్వరగా దాటేసేది కూడా దాన్నే. ఇన్‌స్పెక్టర్ గడియారం పట్టుకుని పక్కన నిలబడితే అయిదు నిమిషాలంటే అయిదు నిమిషాలే. లేకపోతే రిగ్గులో అందరికన్నా అలసిపోయినవాడు ఎంతంటే అంత.

ఈ పరీక్షల వల్ల ఏం ఒరుగుతుందని అడిగేవారికి 2012 ఫిబ్రవరి 15 గుర్తుచేస్తాను. కాల్విల్ నది డెల్టాలో రెప్సోల్ కంపెనీ అన్వేషణ బావి కుగ్రుక్-2 ఇంకా పైపొరల్లో ఉండగానే గ్యాస్ తన్నుకొచ్చింది. సుమారు 42,000 గాలన్ల డ్రిల్లింగ్ మడ్డి (తవ్వేటప్పుడు బావిలో తిప్పే బురద ద్రవం) మంచు మీద పడి గడ్డకట్టింది. కాని మనుషులకు గాయం కాలేదు. గ్యాస్ రిగ్గు నేల మీదకు రాకుండా డైవర్టర్ దాన్ని పక్కకు మళ్లించింది. డైవర్టర్ అన్నది ముందుగా పరీక్షించి చూసుకోవలసిన పరికరాల్లో ఒకటి. పనిచేసిన పరికరం గురించి ఎవరూ వార్త రాయరు, అది వేరే సంగతి.

3. ఎవరూ చూడని చోట ఏం జరిగిందో రికార్డు ఉంది.

2002 ఆగస్టు 16న ప్రూడో బేలో ఏ-22 బావి పేలి ఒక కార్మికుడు తీవ్రంగా గాయపడ్డాడు. ఆపి ఉంచిన బావిని తిరిగి నడిపినప్పుడు పైకి వచ్చిన వేడి చమురు యాన్యులస్‌లో చిక్కుకున్న ద్రవాన్ని వ్యాకోచింపజేసింది, బావి గోడగా దించిన ఉక్కు గొట్టం, అంటే కేసింగ్, తట్టుకోలేకపోయింది. ఆ బావికి యాన్యులస్ ఒత్తిడి సమస్య ఉందని ముందే తెలుసు. ఆ తర్వాతే యాన్యులస్ ఒత్తిడి మీద నియమాలు బిగిశాయి. నియమం రావడానికి ఒక మనిషి శరీరం కాలవలసి వచ్చింది.

2006 మార్చి 2న జరిగింది ఇంకా పెద్దది. బీపీ నడుపుతున్న ప్రూడో బేలో చమురు తరలించే 34 అంగుళాల గొట్టానికి తుప్పుతో చిన్న చిల్లు పడింది, బాదం గింజంత. కనీసం అయిదు రోజులు కారి, 2 లక్షల 12 వేల గాలన్లకు పైగా, అంటే సుమారు 8 లక్షల లీటర్ల ముడి చమురు మంచు కింద చేరింది. నార్త్ స్లోప్ చరిత్రలో అంత పెద్ద కారుడు అంతకు ముందు లేదు. దాన్ని పట్టింది కంప్యూటర్ కాదు. ఆ దారిన వెళుతున్న ఒక కార్మికుడికి చమురు వాసన తగిలింది, బండి ఆపి చూశాడు. ఆ గొట్టంలో లోపలి తుప్పును కొలిచే పరికరం చివరిసారి నడిచింది 1998లో.

మీరు దయచేసి గమనించవలసింది మరొకటి ఉంది. జనావాసాలకు దూరంగా తక్కువ ఒత్తిడితో నడిచే అటువంటి గొట్టాలకు అప్పట్లో కేంద్ర పైప్‌లైన్ భద్రతా నియమాల నుంచి మినహాయింపు ఉండేది. అంటే చట్టప్రకారం దాన్ని చూడడం కేంద్ర ఇన్‌స్పెక్టర్ పని కాదు. 2006 చివర అమెరికా కాంగ్రెస్ చట్టం మార్చింది, 2008లో నియమాలు వచ్చాయి. చట్టం మారకముందే, 2006 ఆగస్టులో, క్షేత్రంలో మరో వైపు గొట్టాల్లోనూ తుప్పు బయటపడి క్షేత్రంలో సగం మూతపడింది. కంపెనీ 2007లో నేరం ఒప్పుకుని మొత్తం 2 కోట్ల డాలర్లు కట్టింది. మినహాయింపు అన్న మాట వినబడినప్పుడల్లా నాకు ఆ గొట్టమే గుర్తొస్తుంది.

2017 ఏప్రిల్ 14న అదే క్షేత్రంలో మరో బావి నుంచి గ్యాస్, చమురు తుంపర ఎగజిమ్మాయి. కింద ఏడాది పొడవునా గడ్డకట్టి ఉండే నేల కరిగి బావి మూడు నాలుగు అడుగులు పైకి లేచింది. గ్యాస్ వల్ల సిబ్బంది దగ్గరకు వెళ్లలేక అదుపు చేయడానికి రోజులు పట్టింది. అదే నమూనాలో కట్టిన మిగతా బావులన్నీ చూడమని కమిషన్ అత్యవసర ఆదేశం ఇచ్చింది. ప్రూడో బే వద్ద గడ్డకట్టిన నేల సుమారు 600 మీటర్ల లోతు ఉంటుంది. చమురు మాత్రం వేడిగా దాని గుండానే పైకి రావాలి. ఈ గొడవ ఎప్పటికీ తీరదు, దాన్ని కనిపెట్టుకుని ఉండడమే చేయగలం.

4. తప్పు జరిగితే మొదట లేచి పారిపోవలసింది ఎవరు?

నుయిక్‌సట్ అనే ఊళ్లో అయిదు వందల మంది దాకా ఉంటారు, ఎక్కువమంది ఇనూపియట్‌లు. అడవి దుప్పిని, చేపను, తిమింగలాన్ని వేటాడి తింటారు. అక్కడి దుకాణంలో వస్తువులు విమానంలో రావాలి కనుక వేట వాళ్లకు సరదా కాదు, కూడు. 2022 మార్చిలో ఆ ఊరికి సుమారు 8 మైళ్ల దూరంలో కొనొకోఫిలిప్స్ నడిపే ఆల్పైన్ క్షేత్రంలో సీడీ-1 ప్యాడ్ మీద నేలలోంచి గ్యాస్ పైకి రావడం మొదలైంది. కంపెనీ దాదాపు 300 మంది సిబ్బందిని అక్కడి నుంచి తరలించింది. ఊరికి ప్రమాదం లేదని చెప్పారు. తమ ఇంజనీర్లను విమానాల్లో పంపేస్తూ మమ్మల్ని ఉండమంటారేమిటని ఊరివాళ్లు అడిగితే తప్పు పట్టగలమా? కొన్ని కుటుంబాలు ఎవరూ చెప్పకుండానే పిల్లలను తీసుకుని వెళ్లిపోయాయి. తర్వాత కమిషన్ విచారణ జరిపి 9 లక్షల డాలర్లకు పైగా జరిమానా ప్రతిపాదించింది. సిమెంటు లేని ఒక కేసింగ్ భాగం దగ్గర, లోతు తక్కువ ఉన్న ఒక పొర నుంచి గ్యాస్ దారి వెతుక్కుంది.

సిమెంటు పని, కేసింగ్ పరీక్ష, వీటి కాగితాలు మీ బల్లల మీద నుంచే వెళతాయి. ఆ కాగితం మీద సంతకం చేసే ముందు ఆ ఊరి పేరు ఒకసారి మ్యాపులో చూడమని కోరడం అతి కాదనుకుంటాను.

5. డబ్బు కూడా ప్రజలదే.

ఇది త్వరగా చెప్పేస్తాను. ప్రూడో బేలో వచ్చే చమురులో ఎనిమిదో వంతు రాష్ట్రానికి రాయల్టీ. ఖనిజ రాయల్టీల్లో కనీసం నాలుగో వంతు 1976లో ఏర్పాటైన పర్మనెంట్ ఫండ్‌కు వెళుతుంది, 1982 నుంచి దాని మీద వచ్చే ఆదాయంలో కొంత అలాస్కా నివాసులకు ఏటా పంచుతున్నారు, అక్కడ స్థిరపడిన మన తెలుగు కుటుంబాలకు కూడా. చమురు ఎంత వెళ్లిందో చెప్పేది మీటరు. మీటరు నిజం చెబుతోందా అని సరిచూసేటప్పుడు ప్రజల తరఫున నిలబడేది ఇన్‌స్పెక్టర్. అతను లేని రోజు తూకం వేసేవాడు, అమ్మేవాడు ఒకరే.

ఇక వదిలేసిన బావులు. 1944 నుంచి 1982 వరకు అమెరికా నౌకాదళం, తర్వాత భూగర్భ సర్వే సంస్థ కలిసి నార్త్ స్లోప్ పశ్చిమాన 136 బావులు తవ్వి వదిలేశాయి. చాలావాటిని సరిగా మూయలేదు, చుట్టూ తుప్పు పట్టిన పీపాలు. వాటిని శుభ్రం చేయడానికి 2013లో చట్టం చేసి 5 కోట్ల డాలర్లు కేటాయించవలసి వచ్చింది. అక్కడ తప్పు చేసింది కంపెనీ కూడా కాదు, ప్రభుత్వమే. కనుక నేను ప్రభుత్వం మంచిది, కంపెనీ చెడ్డది అనడం లేదు. ఎవరు తవ్వినా పక్కన ఇంకొకరు నిలబడి చూడాలి అంటున్నాను.

మీ అభ్యంతరాలు నాకు తెలుసు, ఒకప్పుడు నేనూ ఆ వైపు కుర్చీలో కూర్చున్నవాడినే. ఇప్పుడు ప్రతి సెకనుకూ ఒత్తిడి డిజిటల్‌గా నమోదవుతోంది కదా, మనిషి ఎందుకంటారు. నమోదు కావాలి, తప్పకుండా కావాలి. కాని గడ్డకట్టిన గొట్టం చివరనున్న సెన్సార్ సెకనుకోసారి కొలిచినా గంటకోసారి కొలిచినా ఒకే అబద్ధం చెబుతుంది. కెమెరా పెడతామంటారు. కెమెరాను ఎటు తిప్పాలో నిర్ణయించేది ఎవరు? వాసన ఎవరు పడతారు? 2006లో పట్టింది ముక్కే. ఇన్‌స్పెక్టర్ కోసం రిగ్గు ఆగితే గంటకు ఎంత ఖర్చో తెలుసా అంటారు. తెలుసు. ఆ ఖర్చు తగ్గే దారి ఇన్‌స్పెక్టర్ల సంఖ్య పెంచడం. కమిషన్ ఖర్చులో ఎక్కువ భాగం సాధారణ పన్నుల నుంచి కాదు, ఉత్పత్తి పరిమాణాన్ని బట్టి కంపెనీలే కట్టే రుసుము నుంచి వస్తుంది. రిగ్గు ఆగిందని వాపోతూనే ఆ రుసుము పెరగకూడదని వాదించడం రెండూ కుదరవు.

కబురు సంగతి కూడా చెప్పాలి. 24 గంటల ముందు కబురు అన్నది నియమం. పరీక్ష రేపు ఉదయం ఆరింటికి అని చెప్పి, రాత్రి రెండింటికి ముందుకు జరిపి, ‘మీరు రాగలరా, లేక మినహాయింపు ఇస్తారా’ అని ఫోను చేస్తే అది కబురు కాదు. ఆల్పైన్‌కు ఏడాది పొడవునా ఉండే రోడ్డు లేదు, శీతకాలంలో వేసే మంచు రోడ్డు తప్ప మిగతా కాలమంతా విమానమే గతి. అటువంటి చోట్ల రెండు పరీక్షలు ఒకే పూట పెట్టి ఏదో ఒకటి వదులుకోమనడం కూడా నా అనుభవంలో ఉంది. ఆ షెడ్యూలు వేసినవారిలో మన పేర్లు, మన ఇంటిపేర్లు కూడా ఉన్నాయి. ఈ లేఖ తెలుగులో రాయడానికి కారణం అదే.

ఇంకో కారణం కోనసీమ. 1995 జనవరి 8న పాశర్లపూడి బావి బ్లోఅవుట్ అయి 65 రోజులు మండింది. 2014 జూన్ 27న నగరం గ్రామంలో తుప్పు పట్టిన గ్యాస్ గొట్టం పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు, కొబ్బరి తోటలు, ఇళ్లు కాలిపోయాయి. ఆ నేల మీద నుంచి వచ్చినవాళ్లకు ‘రిమోట్ లొకేషన్’ అన్న సాకు పనికిరాదు. అక్కడ బావి పెరట్లోనే ఉంది, అయినా సకాలంలో చూడలేదు. ఇక మనిషి వెళ్లడమే కష్టమైన చోట ఎంత పట్టుదలగా చూడాలో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు.

కనుక ఈ కింది కోరికలు మీ ముందుంచుతున్నాను. వీటిలో ఏదీ చట్టం మారేదాకా ఆగనక్కరలేదు, మీ చేతిలో ఉన్నవే.

ఒకటి. పరీక్ష సమయం మారితే 24 గంటల లెక్క మళ్లీ మొదటి నుంచి మొదలుకావాలి. ముందుకు జరిపి మినహాయింపు అడగడం మానండి. ఒకే ఇన్‌స్పెక్టర్ అందుబాటులో ఉన్నప్పుడు దూరపు ప్యాడ్ల పరీక్షలను ఒకే పూటకు పెట్టకండి. పక్క కంపెనీ షెడ్యూలు కనుక్కోవడానికి ఒక ఫోను చాలు.

రెండు. మినహాయింపు వచ్చిన పరీక్షకు మీ మీద భారం తగ్గదు, పెరుగుతుంది. దిద్దని ముడి రికార్డు మొత్తం, అంటే ఒత్తిడి ఎక్కించడం దగ్గర నుంచి పూర్తిగా వదిలేదాకా, అదే రోజు పంపండి. వదిలేటప్పుడు గేజ్ దాంతో పాటు సున్నాకు దిగినట్టు కనబడాలి. గాలి ఉష్ణోగ్రత, పరీక్ష ద్రవం ఏమిటి, దాని ఉష్ణోగ్రత ఎంత అన్నది కూడా రాయండి.

మూడు. ఉన్నదాన్ని ఉన్నట్టుగా పరీక్షించండి. ముందుగా గ్రీజు కొట్టడం, గొట్టాలు వెచ్చబెట్టడం వద్దు. మొదటి ప్రయత్నంలో తప్పినదాన్ని తప్పినట్టే రాసి, తర్వాత బాగుచేసి, రెండో ఫలితం రాయండి. తప్పిన పరీక్ష మీ పనితీరు లెక్కల్లో మచ్చ కాకుండా చూడమని మీ మేనేజర్లను అడగవలసింది కూడా మీరే. తప్పులు అసలే లేని రిపోర్టుల కట్ట చూస్తే నాకు ఆ క్షేత్రం బాగుందనిపించదు, ఎవరూ వెతకడం లేదనిపిస్తుంది.

నాలుగు. రెండు, మూడు ఫేజ్‌ల వాతావరణంలో బయల్దేరమని ఇన్‌స్పెక్టర్‌ను తొందరపెట్టకండి. రిగ్గు ఆగిన ఖర్చును అతనికి వినిపించకండి. కంపెనీ క్యాంపులో పడక, దారిలో తోడు బండి, రేడియో, ఇవి మర్యాదలు కావు, పరీక్షలో భాగం. అదే సమయంలో భోజనానికి మించిన ఆతిథ్యం ఇవ్వకండి, అది ఇద్దరికీ మంచిది కాదు.

అయిదు. ఇన్‌స్పెక్టర్ల సంఖ్య పెంచే ప్రతిపాదన వచ్చినప్పుడు, రుసుము పెరుగుతుందని కంపెనీ వ్యతిరేకిస్తే, ఇంజనీర్లుగా మీ అభిప్రాయం వేరని లోపలైనా రాతపూర్వకంగా చెప్పండి. బయటికి వచ్చి మాట్లాడమని అడగడం లేదు. వీసాలు, ఇంటి అప్పులు, పిల్లల చదువులు నాకు తెలియనివి కావు.

ఆరు. వృత్తి సంఘాల నిర్వాహకులకు: వచ్చే సదస్సులో సాక్షి లేని పరీక్షల మీద ఒక పూట కేటాయించండి. నన్ను పిలవకపోయినా ఫర్వాలేదు. ప్రస్తుతం పనిచేస్తున్న ఇన్‌స్పెక్టర్లను, నుయిక్‌సట్ నుంచి ఒకరిని పిలవండి. యువ ఇంజనీర్లకు ఇచ్చే సలహాల్లో ఈ ఉద్యోగాన్ని కూడా చేర్చండి. ఊళ్లో అబ్బాయికి ప్రభుత్వ ఉద్యోగం వస్తే వీధంతా మిఠాయి పంచే మనం, అమెరికాలో అదే ప్రభుత్వ ఉద్యోగం అంటే ‘కంపెనీలో దొరకలేదా’ అని జాలిపడతాం. జీతం తక్కువే, నిజం. రెండు వారాలు చీకట్లో, మంచులో, ఎవరికీ ఇష్టం లేని అతిథిగా తిరగాలి. అయినా చమురు బావిని లోపలి నుంచి బయటిదాకా ఇంత దగ్గరగా చూసే అవకాశం వేరే ఏ ఉద్యోగంలోనూ రాదు. నాకు మళ్లీ ఇరవై అయిదేళ్లు వస్తే అక్కడికే వెళతాను.

ఈ ఆరింటిలో ఏది ఒప్పుకోలేరో, ఎందుకో, మీ సంఘాల ద్వారా రాతపూర్వకంగా చెప్పమని కోరుతున్నాను. వచ్చే శీతకాలపు తవ్వకాలు మొదలయ్యేలోగా చెబితే మంచిది. మంచు రోడ్లు తెరుచుకున్నాక ఎవరికీ తీరిక ఉండదు.

ఇట్లు,
కోనసీమ నుంచి వెళ్లి అలాస్కాలో స్థిరపడిన ఒక మాజీ చమురు క్షేత్ర ఇన్‌స్పెక్టర్